పద్నాలుగో వార్డు హైడ్రోజన్ వాటా

తాటిమెరక పురపాలక సంఘంలో మంచినీళ్ళ పని చూసేవాళ్ళు నలభై ఇద్దరు. నీళ్ళు ఎక్కించేవాళ్ళు, దించేవాళ్ళు, వదిలేవాళ్ళు, కట్టేసేవాళ్ళు, వదిలారా లేదా అని రాసేవాళ్ళు, రాశారా లేదా అని చూసేవాళ్ళు. ఇంతమందిలో నీళ్ళ మొహం నేరుగా చూసేది మాత్రం కెమిస్టు పరాంకుశం ఒక్కడే. ఫిల్టర్ బెడ్ పక్కన రేకుల గదిలో ఆయన ల్యాబు. రోజూ పొద్దున్నే గాజు గొట్టంలో నీళ్ళు పట్టి రెండు చుక్కలు మందు వేస్తాడు. పసుపు రంగు తిరిగితే క్లోరిన్ ఉన్నట్టు, తిరక్కపోతే లేనట్టు. ఇరవై తొమ్మిదేళ్ళుగా అదే పని. ఈ ఇరవై తొమ్మిదేళ్ళలో కుళాయి నీళ్ళు తాగి మంచాన పడ్డవాడు ఊళ్ళో ఒక్కడూ లేడు. అందుకే పరాంకుశం అనే మనిషి ఒకడున్నాడని కూడా ఊళ్ళో ఎవరికీ తెలియదు.

తెలిసిన ఒకే ఒక్క మనిషి పద్నాలుగో వార్డు మరిడమ్మ. ఆ వార్డు ఊరికి చిట్టచివర, మురుగుకాలవ మీది కల్వర్టు దాటాక ఉంటుంది. మరిడమ్మకి అక్కడ ఇడ్లీ బండి ఉంది. ఇంటి ముందు మున్సిపాలిటీ కుళాయి ఉంది. కుళాయికి పిడి కూడా ఉంది. లేనివల్లా నీళ్ళే. ఏడు నెలల కిందట కల్వర్టు కింద పైపు అతుకు ఊడింది. అప్పటినుంచీ పరాంకుశం శుద్ధి చేసి పంపిన నీళ్ళు మురుగుకాలవలో కలిసి అక్కడి దోమపిల్లలకు ఆరోగ్యాన్నిస్తున్నాయి. మరిడమ్మ మాత్రం మూడో వార్డు దాకా వెళ్ళి, రోజుకు తొమ్మిది బిందెలు నడుముకెత్తుకుని తెచ్చుకుంటోంది. ఆమెకు అరవై రెండేళ్ళు. మోకాళ్ళకు ఇంకా ఎక్కువే ఉంటాయి.

అతుకు వెయ్యడానికి ఒక పూట చాలు. కానీ ఆ అతుకు ఎవరిదన్నది తేలలేదు. పైపు నీటి విభాగానిది. పైపు మీది కల్వర్టు రోడ్ల విభాగానిది. కల్వర్టు కింది కాలవ మురుగు విభాగానిది. 'పైపు మాదే అయినప్పటికీ, సదరు అతుకు ఊడి కాలవలో పడినందున ప్రస్తుతం అది వారి అధీనంలో ఉన్నది' అని నీటి విభాగం రాసింది. 'అతుకు మా అనుమతి లేకుండా పడినది' అని మురుగు విభాగం జవాబు రాసింది. రోడ్ల విభాగం ఏమీ రాయలేదు. తమను ఎవరైనా ఏమైనా అడుగుతారేమోనని కల్వర్టు మీదుగా నడవడం మానేసింది.

మరిడమ్మ ప్రతి సోమవారం, అర్జీల రోజున, ఒక అర్జీ ఇచ్చేది. ఆ ఆఫీసులో అర్జీల విషయంలో గొప్ప ఆనవాయితీ ఒకటి ఉంది. ఏ అర్జీనైనా ఏడు రోజులు దాటకుండా 'పరిష్కరించడమైనది' అని ముద్ర కొట్టి వెనక్కి ఇచ్చేస్తారు. ఇందులో జిల్లాకే మొదటి స్థానం వాళ్ళది. మరిడమ్మ దగ్గర అలా పరిష్కారమైపోయిన కాగితాలు ఇరవై ఎనిమిది పోగయ్యాయి. ఇడ్లీ పొట్లాలకైనా వాడదామంటే ముద్ర సిరా చట్నీకి అంటుకుంటోంది.

ఒక సోమవారం ఇరవై తొమ్మిదో కాగితం పట్టుకుని ఆవిడ ల్యాబు గుమ్మంలో నిలబడింది.

"బాబుగారండీ, మీరు సదూకున్నోరు కదా. పరిష్కరించడవైనదీ అంటే నీళ్ళొత్తాయనాండి, రావనాండి?"

పరాంకుశం కాగితం ముందుకీ వెనక్కీ తిప్పి చూశాడు. "అంటే... కాగితం పని అయిపోయిందనమ్మా."

"కాయితం పనికి నా కుళాయెందుకండి మద్దిలో?"

పరాంకుశానికి సిగ్గేసింది. ఆవిడ గొంతులోకి చేరని నీళ్ళలో తను రోజూ పసుపు రంగు చూసి సంతోషపడుతున్నాడు. రేపు పెద్దవాళ్ళను అడుగుతానన్నాడు. ఆ మాట అనడం కూడా ఇరవై తొమ్మిదోసారే.

ఆ మర్నాడే కమిషనర్ విరూపాక్షం గారు రాజధానిలో మూడు రోజుల శిక్షణ ముగించుకుని వచ్చారు. విరూపాక్షం గారు శిక్షణకు వెళ్ళినప్పుడల్లా ఒక కొత్త సంచీ, ఒక కొత్త పట్టుదల తెచ్చుకుంటారు. కిందటిసారి తెచ్చిన పట్టుదల పుణ్యమా అని ఊళ్ళో వీధికుక్కలకు వార్డు నంబర్లు వచ్చాయి. ఈసారి సంచీ దించకుండానే పరాంకుశాన్ని పిలిపించారు.

"పరాంకుశం గారూ, మన పట్టణ నీటి సరఫరాలో ఒకటి కాదు, మూడు రకాల హైడ్రోజన్ చలామణీ అవుతున్నట్టు నా దృష్టికి వచ్చింది. ఇది ఎంతకాలంగా జరుగుతోంది?"

"లోకం పుట్టినప్పటి నుంచీనండి."

"మరి ఇంతవరకూ నాకు ఎందుకు నివేదించలేదు?"

పరాంకుశం ఎమ్మెస్సీ చదివినవాడు. చదివిన చదువు గురించి ఆ ఆఫీసులో ఒకరు అడగడం ఇదే మొదలు. అందుకని, నిజం చెప్పాలంటే, కాస్త పొంగిపోయాడు కూడా. కుర్చీ అంచున కూర్చుని చెప్పడం మొదలుపెట్టాడు.

"మూడూ హైడ్రోజనేనండి. మూడింటి కడుపులోనూ ప్రోటాన్ ఒక్కటే. చుట్టూ తిరిగే ఎలక్ట్రానూ ఒక్కటే. అందుకని చేసే పనీ ఒకటే. ఆక్సిజన్ కనిపిస్తే పట్టుకుని నీళ్ళయిపోవడం. తేడా అంతా మోసే బరువులో ఉందండి. ముగ్గురు సైకిళ్ళ మీద వెళ్తున్నారనుకోండి. మొదటివాడు ప్రోటియం, ఉత్త సైకిలు. రెండోవాడు డ్యుటీరియం, వెనకాల న్యూట్రాన్ అనే బస్తా ఒకటి వేసుకున్నాడు. మూడోవాడు ట్రిటియం, రెండు బస్తాలు వేశాడు."

"అధిక లోడు," అన్నారు కమిషనర్ గారు, కాగితం మీద రాసుకుంటూ.

"నూటికి తొంభై తొమ్మిది మందికి పైగా ఉత్త సైకిలు వాళ్ళేనండి. ఒక్క బస్తావాడు ఆరువేల నాలుగు వందల మందిలో ఒకడుంటాడు. రెండు బస్తాలవాడైతే కోట్లకు కోట్లలో ఒకడు. పైగా వాడు నిలకడ లేనివాడు, తూలుతూ ఉంటాడు. ఏదో ఒకనాడు పడతాడు. పడి లేచేసరికి ఇక హైడ్రోజన్ కాదండి, హీలియం అయిపోతాడు."

విరూపాక్షం గారి కలం ఆగిపోయింది. "హీలియంలోకి వెళ్ళిపోతాడా? మాతృశాఖ నుంచి నిరభ్యంతర పత్రం లేకుండానే?"

"ఎవర్నీ అడగడండి."

"ఎంతకాలంలో?"

"ఏ ఒక్కడు ఎప్పుడు పడతాడో చెప్పలేమండి. కానీ వంద మంది ఉంటే పన్నెండేళ్ళ నాలుగు నెలలకు ఇంచుమించు సగం మంది పడిపోతారు. మిగిలిన సగంలో సగం ఇంకో పన్నెండేళ్ళ నాలుగు నెలలకు. అలా సాగుతూ ఉంటుందండి."

"దశలవారీగా," అని రాసుకున్నారు కమిషనర్ గారు. "సరే. ఈ ఒక్క బస్తా హైడ్రోజన్ అన్ని కుళాయిలకూ సమానంగా అందుతోందా?"

"మన కుళాయిలన్నిటికీ ఒకటే ట్యాంకు కదండీ. అన్నిట్లోనూ ఇంచుమించు అంతే."

అక్కడ పరాంకుశం కాలు జారింది. 'ఇంచుమించు' అనకుండా ఉండవలసింది. శాస్త్రం చదివినవాడికి ఆ మాట ఊపిరి లాంటిది, ఒట్టి 'అవును' అనడం చేతకాదు.

"ఇంచుమించా?" విరూపాక్షం గారు కుర్చీలోంచి లేచారు. "ఒక పౌరుడికి సమానత్వం ఇంచుమించుగా అందించడానికేనా మనం ఇక్కడ కూర్చున్నది? ఒక వార్డుకి బరువైన హైడ్రోజన్, ఇంకో వార్డుకి ఉత్త హైడ్రోజన్ పోతూ ఉంటే చూస్తూ ఊరుకోమంటారా?"

"అయ్యా, పద్నాలుగో వార్డుకైతే అసలు నీళ్ళే..."

"అది పరిమాణానికి సంబంధించిన పాత సమస్య. మనం ఆ దశ దాటి అణుస్థాయికి చేరుకున్నాం. వెనక్కి లాగకండి."

వారం తిరక్కుండా కౌన్సిల్ సమావేశం పెట్టారు. చైర్‌పర్సన్ మంగతాయారు గారు పై కుర్చీలో కూర్చున్నారు. 'సమధర్మ హైడ్రోజన్ పంపిణీ పథకం' అని విరూపాక్షం గారు తీర్మానం చదివారు. పరాంకుశాన్ని బల్ల చివర స్టూలు మీద కూర్చోబెట్టారు, ఎవరికైనా అనుమానం వస్తే తీర్చడానికి. అనుమానం ఒక్కరికీ రాలేదు, అభిప్రాయాలు మాత్రం అందరికీ వచ్చాయి.

మూడో వార్డు మెంబరు బుల్లబ్బాయి ముందు లేచాడు. "ఇది కుదరదండీ బాబూ. ఊళ్ళో పెద్ద పెద్ద మేడలన్నీ మా వార్డులోనే ఉన్నాయి. రెండో అంతస్తులోకి ఎక్కాలంటే నీళ్ళకి కాస్త దమ్ముండాలి కదండీ. ఆ బస్తా హైడ్రోజనేదో మాకు రెండు పాళ్ళు ఎక్కువ పడెయ్యండి."

అయిదో వార్డు మెంబరు సుభాషిణి వెంటనే అడ్డం తగిలింది. "మా వార్డుకి మాత్రం వద్దండీ! మా ఆడాళ్ళందరూ తెల్లారగట్ల లేచి కాలవగట్టు మీద నడుత్తున్నారు. సన్నపడదావని ఈళ్ళు నడుత్తుంటే మీరు కుళాయిలో బరువు కలుపుతారేంటండీ?"

"నీళ్ళలోని ఆ బరువు ఒంటికి పట్టదండీ..." అని పరాంకుశం స్టూలు మీంచి సగం లేచాడు.

"సాంకేతిక విషయాలు తర్వాత," అన్నారు చైర్‌పర్సన్ గారు.

పద్నాలుగో వార్డు మెంబరు ఏసుపాదం చివరి కుర్చీలోంచి చెయ్యెత్తాడు. చాలాసేపు ఎత్తే ఉంచాడు. చివరికి పిలుపొచ్చింది.

"అయ్యా, అమ్మా, మా వార్డుకి బరువుది వద్దు, తేలికది వద్దండి. ఏదో ఒకటి, తడిగా ఉండేది వదలండి, చాలు."

మంగతాయారు గారు అజెండా కాగితం పైనించి కిందికీ, కిందినించి పైకీ చూశారు. "ఏసుపాదం గారూ, తడి అజెండాలో లేదు."

తీర్మానం నెగ్గింది. ఏ వార్డు కుళాయిలోనైనా ఆరువేల నాలుగు వందల హైడ్రోజన్లకు సరిగ్గా ఒక్కటి చొప్పున బరువైనది ఉండి తీరాలి, ఎక్కువైనా తక్కువైనా బాధ్యులపై చర్య. మూడో రకం హైడ్రోజన్ అనుమతి లేకుండా హీలియంలోకి మారడాన్ని కౌన్సిల్ తీవ్రంగా ఖండించింది. అన్నిటికన్నా సక్రమంగా ఉన్న వార్డుకి 'ఆదర్శ వార్డు' బిరుదు. ఆ వార్డు నీళ్ళ నమూనాతో సహా రాజధానికి నివేదిక పంపితే కమిషనర్ గారికి జ్ఞాపిక. ఈ చివరి సంగతి తీర్మానంలో లేదు గానీ అందరికీ తెలుసు.

తనిఖీ పని ఇంజినీరు బ్రహ్మాజీకి అప్పగించారు. బ్రహ్మాజీ చురుకైనవాడు. హైడ్రోజన్‌ను కంటితో చూడలేమని తెలిశాక క్షణం కూడా దిగులు పడలేదు. "బరువు తేడాయే కదండీ? కాటా వేసేద్దాం," అన్నాడు. బియ్యం కొట్టు నుంచి కాటా తెప్పించాడు. వార్డుకో బిందె నీళ్ళు పట్టడం, కాటా మీద పెట్టడం, రాసుకోవడం.

పరాంకుశం వెనకాలే పరుగెత్తాడు. "బ్రహ్మాజీ గారూ, ఆరువేల నాలుగు వందల్లో ఒకటి అటో ఇటో అయితే మీ కాటాకి తెలియదండి. అసలు ఒక్కొక్క బిందె ఒక్కొక్క బరువుంది కదా!"

"బిందెలు ప్రజలవండి. వాటి జోలికి మనం పోం."

మొదటి రోజునే మూడో వార్డు బిందె అందరికన్నా పావుకిలో ఎక్కువ తూగింది. ఊరు అట్టుడికిపోయింది. మూడో వార్డువాళ్ళు బరువు హైడ్రోజన్ రహస్యంగా లాగేస్తున్నారని ఏడో వార్డు ధర్నాకి దిగింది. బుల్లబ్బాయి మీసం మెలేసి, "మా వార్డు నీళ్ళండీ మరి," అని చెప్పుకు తిరిగాడు. పరాంకుశం బిందెలో చెయ్యి పెట్టి చూశాడు. గుప్పెడు మట్టి వచ్చింది. ఆ మట్టిని కమిషనర్ గారి బల్ల మీద పెట్టాడు.

విరూపాక్షం గారు మట్టిని పరిశీలనగా చూశారు. "ఇందులో హైడ్రోజన్ ఎంత?"

"ఇది మట్టండి. తాగే నీళ్ళలో మట్టి వస్తోందండి!"

"మట్టి అయితే పారిశుద్ధ్య విభాగానికి రాయండి. మన పరిధి హైడ్రోజన్ వరకే."

రెండో రోజున బరువు తక్కువ తూగిన వార్డులకు నోటీసులు వెళ్ళాయి. మూడో రోజుకి జనం తెలివి మీరారు. సొట్టబిందెలన్నీ అటక మీంచి దిగాయి. ఒకాయన బిందె అడుగున సీసం పోయించాడు. సుభాషిణి వార్డులో ఆడవాళ్ళు తేలికగా ఉంటాయని ప్లాస్టిక్ బిందెలు తెచ్చి పెట్టారు. పదమూడు వార్డుల్లో ఏ రెండు బిందెలూ ఒక్క తూకం తూగలేదు. పదమూడు వార్డులూ నిబంధనల ఉల్లంఘన కిందికి వచ్చాయి.

నాలుగో రోజు మధ్యాహ్నం బ్రహ్మాజీ కాటాతో కల్వర్టు దాటాడు. మరిడమ్మ కుళాయి కింద బిందె పెట్టించి పిడి తిప్పాడు. కుళాయి ఒకసారి సకిలించి ఊరుకుంది. ఒక చీమ బయటికి వచ్చి, జనాన్ని చూసి మళ్ళీ లోపలికి వెళ్ళింది.

"ఏడు నెల్లనించీ ఇంతేనండి," అంది మరిడమ్మ.

బ్రహ్మాజీ ఖాళీ బిందెను కాటా మీద పెట్టాడు. బిందె బరువు తీసేశాడు. ఒక్కసారి కాదు, మూడుసార్లు లెక్క చూసుకున్నాడు. ఆయన మొహం విచ్చుకుంది. "పరాంకుశం గారూ, ఇలా రండి. బరువు హైడ్రోజన్: లేదు. తేలిక హైడ్రోజన్: లేదు. ఎక్కువా లేదు, తక్కువా లేదు. మూడో రకం పారిపోయిన దాఖలా లేదు. మట్టి కూడా లేదండి. ఊరు మొత్తానికి ఉల్లంఘన లేని వార్డు ఇదొక్కటే!"

ఆ సాయంత్రమే ఉత్తర్వు తయారైంది. పద్నాలుగో వార్డు ఆదర్శ వార్డు. ఆదర్శ స్థితి చెడిపోకుండా నివేదిక మీద తుది నిర్ణయం వచ్చేవరకూ ఆ వార్డు పైపుల్లో ఎటువంటి మార్పులూ, మరమ్మతులూ చేయరాదు. నీటి గురించి మరిడమ్మ ఇచ్చిన అర్జీలన్నీ 'ఆదర్శంగా పరిష్కరించడమైనది' అని ముగించవలెను. శుక్రవారం నాడు మరిడమ్మకి శాలువా కప్పవలెను. కింద కెమిస్టు ధ్రువీకరణ సంతకానికి చోటు వదిలారు.

కాగితం ల్యాబుకి వచ్చింది. పరాంకుశం దాన్ని బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. సంతకం పెడితే మరిడమ్మ ఇక ఈ జన్మలో కుళాయి తిప్పుకోదు. పెట్టకపోతే ఇంకొకరి చేత పెట్టిస్తారు. తను ఇన్నేళ్ళూ ఏ కాగితం వస్తే ఆ కాగితం మీద పెట్టాడు. వచ్చినవన్నీ నిజాలే కదా, తనకేమన్నట్టు. ఇప్పుడొచ్చిందీ నిజమే. లేని నీళ్ళలో బరువు హైడ్రోజన్ లేదు. ఇంత నిజాన్ని పట్టుకుని ఇంత అన్యాయం చెయ్యొచ్చని ఆయనకు ఆ రోజే తెలిసింది. ఒళ్ళు మండింది. నెమ్మదస్తుడికి కోపం వస్తే అరవడు, నిబంధనలు చదువుతాడు. పరాంకుశం కూడా నివేదిక ఫారం తీసి అడుగు దాకా చదివాడు. తొమ్మిదో గడి దగ్గర ఆగాడు. తర్వాత లేచి కమిషనర్ గారి గదిలోకి వెళ్ళాడు.

"అయ్యా, సంతకం పెడతానండి. కానీ తొమ్మిదో గడిలో నమూనా సీసా నంబరు రాయమన్నారు. సీసాకి సీలు వేసి నివేదికతో పంపాలట."

"ఖాళీ సీసాకి సీలు వెయ్యండి. అక్కడ నీళ్ళు లేవు కదా?"

"అక్కడే చిక్కండి. ఖాళీ సీసాలో గాలి ఉంటుంది. గాలిలో తేమ ఉంటుంది. తేమంటే నీళ్ళే, అందులో మూడు రకాల హైడ్రోజనూ ఉంటుంది. మనం కాగితం మీద సున్నా అని రాసి, సీసాలో హైడ్రోజన్ పెట్టి పంపిస్తే..." పరాంకుశం గొంతు తగ్గించాడు. "రేపు ఆడిట్ వాళ్ళు అభ్యంతరం పెడితేనండి?"

ఆ గదిలో ఫ్యాను తిరుగుతూనే ఉంది. అయినా విరూపాక్షం గారికి చెమట పట్టింది. ఆయన దేవుడికి శనివారాలు మాత్రమే భయపడతారు, ఆడిట్‌కి అన్ని వారాలూ.

"మరి మార్గం?"

"సీసాలోకి ఆ వార్డు కుళాయి నీళ్ళే పట్టాలండి. పట్టాలంటే కుళాయిలోకి రావాలి."

"కానీ మార్పులు చేయరాదని మనమే..."

"మరమ్మతు అని రాయకండి. 'నమూనా సేకరణకు అవసరమైన ఏర్పాటు' అని రాయండి."

విరూపాక్షం గారు ఆయన్ని మొదటిసారి మనిషిని చూసినట్టు చూశారు.

గురువారం పొద్దున తొమ్మిదింటికి నీటి విభాగం, రోడ్ల విభాగం, మురుగు విభాగం కల్వర్టు దగ్గర కలుసుకున్నాయి. ఏడు నెలలు ఉత్తరాలు రాసుకున్నవాళ్ళూ, రాయకుండా తప్పుకున్నవాళ్ళూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం అదే మొదలు. పాపం, మంచివాళ్ళే. ఒకళ్ళకొకళ్ళు టీ ఇప్పించుకున్నారు. ఒంటిగంటకల్లా అతుకు బిగిసింది.

వీధి వీధంతా మరిడమ్మ ఇంటి ముందు చేరింది. కమిషనర్ గారు, బ్రహ్మాజీ, ఏసుపాదం వచ్చారు. పరాంకుశం సీసా పట్టుకుని కుళాయి ముందు గొంతుక్కూర్చున్నాడు. పిడి తిప్పాడు. ముందు గాలి వచ్చింది, తర్వాత చీమలు, తర్వాత తుప్పునీళ్ళు, చివరికి తెల్లటి ధార. పరాంకుశం సీసా నింపి, అలవాటు కొద్దీ గాజు గొట్టంలోకి కాసిని పట్టి రెండు చుక్కలు వేశాడు. పసుపు రంగు తిరిగింది. ఆయన కళ్ళు చెమర్చాయి. చుక్కల మందు ఘాటు అని పక్కవాళ్ళకు చెప్పాడు గానీ, ఆ మందుకు ఘాటేమీ ఉండదు.

మరిడమ్మ బిందె తెచ్చి ధార కింద పెట్టింది. బిందె సగం నిండిందో లేదో, బ్రహ్మాజీ గడియారం చూసుకున్నాడు.

"నమూనా అయిపోయిందండి. ఇక కల్వర్టు దగ్గర వాల్వు కట్టేస్తే ఆదర్శ స్థితి మళ్ళీ వచ్చేస్తుంది," అని మనిషిని పురమాయించాడు.

మరిడమ్మ చెయ్యి బిందె అంచు మీద బిగుసుకుంది. పరాంకుశం వైపు చూసింది. ఆయన ఈసారి తల దించుకోలేదు.

"కట్టకండి!" అన్నాడు. ఆ గొంతు అంత పెద్దదని ఆయనకే తెలియదు. "మూడో రకం సంగతి ఏం చేశారండి? రెండు బస్తాలవాడు! ఈ కుళాయిలో వాడు ఎంతమంది ఉన్నారో, హీలియంలోకి ఎందరు పారిపోతున్నారో ఎవరు చూడాలి? కౌన్సిల్ తీవ్రంగా ఖండించింది కదా, ఖండించాక పరిశీలించొద్దా?"

"ఒక సీసా పట్టాంగా?" అన్నాడు బ్రహ్మాజీ.

"ఒక్క సీసాతో ఏం తెలుస్తుందండి? సగం మంది పోవడానికి పన్నెండేళ్ళ నాలుగు నెలలు పడుతుంది. అది శాస్త్రం. అన్నాళ్ళూ రోజూ పొద్దునా సాయంత్రం ఈ కుళాయి నుంచి నమూనా పట్టాలి. ధార ఒక్క పూట ఆగినా లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది."

మొదటి రెండు ముక్కలూ శాస్త్రమే. ఆ తర్వాతవి పరాంకుశం సొంతం. ఇరవై తొమ్మిదేళ్ళ ఉద్యోగంలో ఆయన ఆడిన మొదటి అబద్ధం అది. నోట్లో చెరుకుముక్కలా ఉందని తర్వాత భార్యకు చెప్పుకున్నాడు.

విరూపాక్షం గారి కళ్ళు మెరిశాయి. మూడు రోజుల శిక్షణలో ఎవరూ ఆయనకు పన్నెండేళ్ళ పథకం ఇవ్వలేదు. "దీర్ఘకాలిక పరిశీలన... నిరంతర ప్రవాహ కేంద్రం... రాష్ట్రంలోనే ప్రథమం," అని ధార వైపే చూస్తూ గొణిగారు. "బ్రహ్మాజీ గారూ, వాల్వు మీద చెయ్యి వేసినవాడి మీద క్రమశిక్షణ చర్య. బోర్డు రాయించండి. పర్యవేక్షణ సంఘానికి పేర్లు పంపండి."

"మరి ఆదర్శ వార్డు, శాలువా...?"

"శాలువా కుళాయికి కప్పండి."

నిజంగానే కప్పారు. శుక్రవారం నాటి సభలో కుళాయికి శాలువా కప్పి, దండ వేసి ఫొటో తీశారు. శాలువా తడిసిపోతుంటే మరిడమ్మ దాన్ని పిండి ఆరేసుకుంది. పక్కన నీలం రంగు బోర్డు వెలిసింది: 'త్రిభార హైడ్రోజన్ నిరంతర పరిశీలన కేంద్రం. ఈ కుళాయిని పన్నెండు సంవత్సరముల నాలుగు నెలల వరకు నిలుపరాదు. ఉత్తర్వు మేరకు.' బోర్డు కింద బిందెల వరుస మొదలైంది.

సోమవారం పొద్దున పరాంకుశం నమూనాకని సీసా పట్టుకుని వచ్చాడు. మరిడమ్మ ఆయనకు విస్తరాకులో నాలుగు ఇడ్లీలు పెట్టి, కుళాయి నీళ్ళే గ్లాసుతో పెట్టింది. చాలాకాలం తర్వాత సోమవారం పూట ఆవిడ బండి దగ్గరే ఉంది. కానీ బోర్డును చూస్తూ ఏదో లెక్క వేసుకుంటోంది.

"బాబుగారండీ, పన్నెండేళ్ళ నాలుగు నెల్లయ్యాకా ఆపేత్తారాండి?"

"అప్పటికి సగమే పోతాయమ్మా. ఇంకో సగం మిగులుతాయి. వాటినీ చూడాలిగా, మళ్ళీ పన్నెండేళ్ళ నాలుగు నెలలు."

"ఆ తరవాతండి?"

"ఆ సగంలో సగం మిగులుతాయి."

"అదీ అయ్యాకా?"

"అందులో సగం."

మరిడమ్మ గరిటె పక్కన పెట్టి కుళాయి దగ్గరికి వచ్చింది. "అంటే ఎన్నాళ్ళు సూసినా సగం మిగులుతానే ఉంటాదాండి? ఎప్పటికీ అవదా?"

"అవదమ్మా."

"ఓలమ్మో," అంది మరిడమ్మ, నిండిన బిందె తీసి ఖాళీది పెడుతూ, "అయితే అది మీ ఆపీసు పనేనండి బాబూ!"